పొయ్యి దగ్గరి చరిత్ర
(ఇల్లు, ఉద్యోగం నడుపుకుంటూ చారిత్రక నవల రాయడం గురించి మన యువతతో పంచుకున్న మాటలు: ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడూ ఆగస్టు 9న మనం ప్రపంచ ఆదివాసీ దినోత్సవం జరుపుకుంటున్నాం. 1982లో ఐక్యరాజ్యసమితి ఆదివాసీల విషయాల మీద వేసిన కార్యవర్గం మొదటిసారి సమావేశమైన రోజు అది. 1994లో దాన్ని దినోత్సవంగా ప్రకటించారు. ఆ రోజు థింసా ఆడతాం, ర్యాలీ తీస్తాం, విగ్రహాలకు దండలు వేస్తాం. ఇవన్నీ కావాలి. కానీ దండ వేసి కిందికి దిగిన పిల్లను పట్టుకుని, "ఆ రోజుల్లో మీ ఊళ్లో వాళ్లు ఏం తిన్నారు, ఎక్కడ దాక్కున్నారు, ఎవరికి భయపడ్డారు?" అని అడగండి. సినిమాలో చూసిందే చెబుతుంది. తప్పు ఆ పిల్లది కాదు. ఆమె చేతిలో పెట్టడానికి మన ఊళ్ల కథ పుస్తకంగా లేదు.

ఈ మాటల్లో 'మేము' అని చాలాసార్లు వస్తుంది. మేము అంటే నలుగురు ఆడవాళ్లం. ఇద్దరు టీచర్లు, ఒక ఏఎన్ఎం, ఒక హాస్టల్ వార్డెన్. ఇప్పుడు మీ ముందు నిలబడి మాట్లాడుతున్నది ఆ వార్డెనే. నలుగురికీ నలభై దాటాయి. నలుగురికీ పిల్లలున్నారు, ఇంట్లో ముసలివాళ్లున్నారు. మూడేళ్లుగా మన మన్యం ఫితూరీల కాలం మీద ఒక నవల రాస్తున్నాం. 11 అధ్యాయాలు అయ్యాయి. ఇంకా అచ్చు కాలేదు. అందుకని పేరున్న రచయిత్రులుగా మాట్లాడటం లేదు, పని మధ్యలో ఉన్నవాళ్లుగా మాట్లాడుతున్నాం.

సంఘం వాళ్లు మమ్మల్ని అడిగింది ఒక్కటే. "ఇల్లు, పిల్లలు, ఉద్యోగం ఉండగా ఇది మీకెలా కుదురుతోంది?" అని. కష్టంగానే కుదురుతోంది. అయితే మూడేళ్లలో మాకు అర్థమైన సంగతి ఒకటుంది. మన చరిత్ర రాయడానికి ఇల్లు అడ్డమని మొదట్లో అనుకున్నాం. రాస్తూ పోతుంటే, మాకు కావలసిన సరుకులో సగం ఆ ఇంట్లోనే దొరికింది. ఈ రోజు చెప్పదలచుకున్నది అదే.

కాగితంలో ఏముంది?

ముందు కాగితంలో ఉన్నది చూద్దాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయారు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు చనిపోయారు. 1924 మే 7న కొయ్యూరు ప్రాంతంలో సీతారామరాజును కాల్చి చంపారు. ఆయనతో నడిచిన గాం మల్లుదొర అండమాన్ జైలుకు పోయి, తిరిగొచ్చి, 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి పార్లమెంటు సభ్యుడయ్యారు. ఈ ఆఖరి సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో చేతులెత్తమంటే చూడొచ్చు.

ఎందుకు జరిగిందో కూడా కాగితంలో ఉంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు మీద, కట్టె మీద, మేత మీద ఆంక్షలు పెరిగాయి. గూడెం ప్రాంతంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఘాటీ రోడ్డు పనికి మనవాళ్లను బలవంతంగా తోలి, కూలి సరిగా ఇవ్వకుండా చేయించాడు. గాం సోదరుల భూమి పోయింది. ఇవన్నీ కలిసి రాజుకున్నాయి.

ఇదంతా ఎవరు రాసిపెట్టారు? చాలామటుకు తెల్ల దొరలు, వాళ్ల గుమాస్తాలు. 1907లో అచ్చయిన జిల్లా గెజిటీర్లు ఉన్నాయి. గోదావరి జిల్లాది హెమింగ్వే రాశాడు, విశాఖపట్నం జిల్లాది ఫ్రాన్సిస్ రాశాడు. ఇప్పుడు అవి ఫోన్‌లో కూడా చదవొచ్చు. చదవండి. మనమీద వాడిన మాటలకు కోపం వస్తుంది. వచ్చినా చదవండి. ఎన్ని తుపాకులు పోయాయో, ఎంతమంది పోలీసులు వచ్చారో, ఎంత ఖర్చయిందో వాళ్లు జాగ్రత్తగా లెక్క రాసుకున్నారు. ఎవరి సొత్తుకు వాళ్లే కదా లెక్క రాసుకునేది!

ఏం లేదు?

మేము హాస్టల్లో రోజూ స్టాక్ రిజిస్టర్ రాస్తాం. రెండొందల మంది పిల్లలకు పూట గడవాలంటే ఎన్ని కిలోల బియ్యం, ఎంత పప్పు, ఎంత నూనె అన్నది లెక్క. అందుకని చింతపల్లి దాడి గురించి చదవగానే మాలో వార్డెన్‌కు వచ్చిన మొదటి ప్రశ్న తుపాకుల గురించి కాదు. వందల మంది మగవాళ్లు మూడు రోజుల పాటు కొండ దిగి, గెడ్డలు దాటి, మూడు ఊళ్లు తిరిగారు. వాళ్లకు అంబలి ఎవరు కాచారు?

దీనికి ఆ కాగితాల్లో జవాబు లేదు. కానీ ఆగస్టు నెల అంటే మన ఇళ్లలో ఏమిటో మన ఆడవాళ్లందరికీ తెలుసు. పోడులో సామ ఇంకా ఎన్ను మీదే ఉంటుంది. చోడి కోతకు రాదు. పాత గింజలు అడుగంటుతాయి. వెనకటి రోజుల్లో ఆ నెలల్లో మామిడి టెంకల పిండి అంబలి కాచుకుని, అడవి దుంపలు ఉడకబెట్టుకుని గడిపారని మన అవ్వలు చెబుతారు. అంటే ఆ దాడి ఆకలి నెలల్లో జరిగింది. గాదె ఖాళీగా ఉన్న ఇంట్లోంచి ఒక తల్లి దళానికి గిన్నెడు పిండి తీసి ఇచ్చిందంటే, ఆ పూట ఎవరో ఒక పిల్లకు తగ్గింది. మా నవల ఆ గిన్నె దగ్గర మొదలవుతుంది.

ఇంకా వెనక్కి వెళితే 1879. ఆ ఏడు మార్చిలో చోడవరం దగ్గర మొదలైన రంప ఫితూరీకి పెద్ద కారణం కల్లు. అప్పటిదాకా మనవాళ్లు ఇంటి అవసరానికి గీసుకునే కల్లును ప్రభుత్వం కాంట్రాక్టర్లకు పాట పాడి ఇచ్చింది. దానికి తోడు రంప మన్సబుదారు 'చిగురు పన్ను' అని వసూలు చేశాడు. చదువుకున్నవాళ్లలో కొందరు, కల్లు కోసం తిరగబడ్డారట అని నవ్వుతారు. మన ఇళ్లలో పెరిగినవాళ్లు నవ్వరు. జీలుగు చెట్టు కల్లు ఎండాకాలంలో మనకు సగం తిండి. పెళ్లిలో అది ఉండాలి, చావులో ఉండాలి, దేవర ముందు పొయ్యడానికి ఉండాలి. చెట్టును ఆస్తిగా పిల్లలకు పంచి ఇచ్చేవాళ్లున్నారు. అలాంటి చెట్టు కింద పరాయివాడు నిలబడి పన్ను అడిగితే ఇంటిల్లిపాదికీ ఏమనిపిస్తుందో చెప్పడానికి చరిత్ర పుస్తకం చాలదు. కథ కావాలి. ఆ కథ రాయడానికి ఆ చెట్టు కింద పెరిగిన మనిషి కావాలి.

కోడళ్ల వరస

ఇప్పుడు మా ఇళ్లలోకి రండి.

మాలో ఒకరి అత్తగారికి డెబ్బై దాటాయి. ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు వాళ్లాయన నాయనమ్మ ఇంకా బతికే ఉంది. 1922లో ఆ ముసలి అవ్వ కొత్త కోడలు. చోళ్లు విసురుతూ, అడ్డాకులు కుడుతూ, పురుళ్లు పోస్తూ ఆ అవ్వ తన మనవడి పెళ్లానికి ఆ రోజుల సంగతులు చెప్పింది. ఈ అత్తగారు ఇప్పుడు తన కోడలికి చెబుతోంది. కోడలు రాత్రి గిన్నెలు కడిగేశాక నోటుబుక్కులో రాసుకుంటోంది.

గమనించారా? వందేళ్లు దాటడానికి ముగ్గురు మనుషులే చాలారు. ఆ ముగ్గురూ వేరే వేరే ఊళ్లలో పుట్టి ఆ ఇంటికి వచ్చినవాళ్లు. మగవాళ్ల వరసలో ముఠా, భూమి, ఇంటిపేరు వచ్చాయి. కోడళ్ల వరసలో కథ వచ్చింది. ఇంట్లో ఉండబట్టే, పొయ్యి దగ్గర అత్త పక్కన కూర్చోబట్టే అది చెవిన పడింది. ఉద్యోగాలకు పట్నం పోయి వేరు కాపురం పెట్టుకున్న మాలో ఇంకొకరికి ఆ వరస తెగింది. ఇప్పుడామె సెలవులకు వచ్చి మిగిలినది ఏరుకుంటోంది.

ఇది చిన్న నష్టం కాదు. రెండేళ్లలో మేము మాట్లాడిన పెద్దవాళ్లలో ముగ్గురు వెళ్లిపోయారు. ఒకరితో ఇంకా రెండు పూటలు కూర్చోవాల్సి ఉంది. ఆ రెండు పూటలు ఇక లేవు.

మూడు గడుల రిజిస్టరు

చరిత్ర మీద కథ రాసేటప్పుడు పెద్ద ప్రమాదం ఒకటుంది. మనం ఊహించి రాసింది రేపు పిల్లలు నిజమనుకుంటారు. మన గురించి పరాయివాళ్లు రాసిన అబద్ధాలతోనే సతమతమవుతున్నాం. మనవాళ్లే ఇంకొన్ని చేర్చకూడదు. అందుకని మేము స్టాక్ రిజిస్టరు లాగే ఒక రిజిస్టరు పెట్టుకున్నాం. మూడు గడులు. మొదటి గడి 'కాగితం'. రెండోది 'నోటి మాట'. మూడోది 'మా ఊహ'. నవలలో ప్రతి ముఖ్యమైన సంగతీ ఈ మూడింటిలో ఏదో ఒక గడిలో పడాలి. ఏ గడిలోనూ పడకపోతే దాన్ని రాయం.

ఒక ఉదాహరణ చెబుతాం. ఆగస్టు 22 రాత్రి దళం నడిచే దృశ్యం రాయాలి. వెన్నెల ఉందా, చీకటా? ఇది ఊహ గడిలో వెయ్యాల్సిన సంగతి కాదు, లెక్క కడితే తెలిసేది. టీచర్ ట్రైనింగులో మాకు నేర్పారు కదా, తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్లాలని. తెలిసినది ఏమిటి? 1922 సెప్టెంబరు 21న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఆస్ట్రేలియాలో శాస్త్రవేత్తలు ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని పరీక్షించిన పేరున్న గ్రహణం అది. సూర్యగ్రహణం అమావాస్య నాడే వస్తుంది. అమావాస్యకూ అమావాస్యకూ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు. వెనక్కి లెక్కపెడితే ఆగస్టు 22 రాత్రికి అమావాస్య వస్తుంది. అంటే ఆ మూడు రోజులూ కొండల మీద కటిక చీకటి. పైగా వానాకాలం. ఇక ఆ అధ్యాయంలో వెన్నెలకు చోటు లేదు. ఈ లెక్క మా ఇంటర్ చదివే అబ్బాయి కట్టి పెట్టాడు. ఇంట్లో పిల్లలు ఉండటం వల్ల జరిగిన లాభాల్లో ఇది ఒకటి.

ఇంకో కట్టుబాటు. నిజంగా బతికిన మనుషుల నోట మేము పెద్ద పెద్ద మాటలు పెట్టం. సీతారామరాజు, గంటందొర, మల్లుదొర మా నవలలో దూరంగా కనిపిస్తారు, నడిచిపోతారు. మాట్లాడేది మేము కల్పించిన మనుషులు. ఒక వంట చేసే ఆమె, ఒక మేకల కాపరి, రోడ్డు పనిలో చేతివేలు పోగొట్టుకున్న ఒక కుర్రవాడు. పుస్తకం చివర ఏది కాగితం, ఏది నోటి మాట, ఏది ఊహ అన్నది రెండు పేజీల్లో చెబుతాం. చదివే పిల్లకు అది తెలుసుకునే హక్కు ఉంది.

టైము ఎక్కడిది?

ఇక మీరందరూ ఎదురుచూస్తున్న దానికి వద్దాం. టైము.

వార్డెన్ రోజు ఉదయం నాలుగున్నరకు మొదలవుతుంది. నీళ్లు, స్నానాలు, స్టడీ అవర్, టిఫిను, హాజరు. పిల్లలు బడిలోకి వెళ్లాక సరుకులు, బిల్లులు, మీటింగు. సాయంత్రం ఆటలు, మళ్లీ స్టడీ అవర్, భోజనం, రాత్రి రౌండు. ఎవరికి జ్వరమొచ్చినా ఆ రాత్రి నిద్ర లేదు. వానాకాలంలో మలేరియా రోజుల్లో ఏఎన్ఎం అక్క పరిస్థితి ఇంకా కష్టం. ఇది కాక ఇల్లు. ఇలాంటి రోజులో 'తీరిక దొరికినప్పుడు రాద్దాం' అనుకుంటే రిటైరయ్యాక కూడా రాయం.

మేము పాటిస్తున్నవి ఇవి. ఒకటి, రోజుకు 20 నిమిషాలు. ఎక్కువ అక్కర్లేదు, తక్కువ కాకూడదు. వార్డెన్‌కు అవి రాత్రి స్టడీ అవర్లో దొరుకుతాయి. పిల్లలు చదువుకుంటుంటే వాళ్ల మధ్యే కూర్చుని రాస్తుంది. మేడమ్ కూడా హోంవర్కు చేస్తోందని పిల్లలు నవ్వుతారు, కానీ ఆ 20 నిమిషాలూ వాళ్లు మామూలు కన్నా నిశ్శబ్దంగా ఉంటారు. రెండు, ఒక రోజుకు ఒక్క చిన్న సంగతి. అధ్యాయం రాయాలని కూర్చుంటే భయమేస్తుంది. 'గెడ్డ పొంగింది, ఆమె దాటలేకపోయింది' అన్నంత చిన్న ముక్క అయితే 20 నిమిషాల్లో అవుతుంది. పాఠ్య ప్రణాళిక లాగ, రేపటి ముక్క ఏమిటో ఈ రోజే ఒక వాక్యం రాసిపెట్టుకుంటాం. మూడు, రాయలేని రోజుల్లో ఫోన్‌లో మాట రికార్డు చేసుకుంటాం. బస్సులో, రేషన్ లారీ కోసం ఎదురుచూస్తూ, పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లి బయట కూర్చున్నప్పుడు. నాలుగు, నెలకోసారి నలుగురం కలుస్తాం. వంతుల వారీగా ఒకరి ఇంట్లో. ఆ రోజు ఆ ఇంటి మగవాళ్లు వండుతారు.

ఈ నాలుగోది అంత తేలిగ్గా రాలేదు. తమ్ముళ్లూ, ఈ మాట మీకోసం. అక్క రాస్తోందని, చెల్లి రాస్తోందని గొప్పగా చెప్పుకోవడం ఒక్కటే చాలదు. ఆమె రాసే ఆ 20 నిమిషాలు ఎక్కడినుంచో రావాలి. నీళ్లు నువ్వు మోస్తే వస్తాయి. అన్నం నువ్వు దించితే వస్తాయి. మన సమాజంలో ఆడామగా కలిసి పోడు కొట్టారు, కలిసి విత్తారు, చెయ్యి చెయ్యి పట్టుకుని థింసా ఆడారు. గిన్నెలు కడిగే దగ్గర మాత్రం ఒక్కళ్లే ఎందుకు ఉండాలి?

బయటి ఉదాహరణ ఒకటి చెబుతాం. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి మొదటి పుస్తకం ఝాన్సీ రాణి మీద. అది 1956లో వచ్చింది. దానికోసం ఆమె ఝాన్సీ వైపు ఊళ్లు తిరిగి అక్కడి జనం చెప్పుకునే కథలూ పాటలూ ఏరుకుంది. అప్పటికి ఆమె కొడుకు చిన్నపిల్లవాడు. ఆ తర్వాత కాలేజీలో పాఠాలు చెబుతూనే రాసింది. బిర్సా ముండా మీద ఆమె రాసిన 'అరణ్యేర్ అధికార్' నవలకు 1979లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మన తెలుగులో సాహు, అల్లం రాజయ్య కలిసి కొమురం భీం మీద నవల రాశారు. అంటే ఇద్దరు కలిసి రాయడం కొత్త సంగతేం కాదు. మేము నలుగురం రాస్తున్నాం, అంతే. అయితే ఆ పుస్తకాలు మనమీద ప్రేమతో బయటివాళ్లు రాసినవి. వాళ్లకు దణ్ణం పెడదాం. తర్వాతి పుస్తకాలు మన ఇళ్లలోంచి రావాలి.

ఇంటి గుట్టు, ఊరి కథ

ఆఖరుగా, అన్నిటికన్నా కష్టమైన సంగతి. టైము ఎలాగోలా దొరుకుతుంది. ఇది అలా తేలేది కాదు.

ఇందాక చెప్పిన అత్తగారి ఇల్లు ఒకప్పుడు ముఠాదారు ఇల్లు. ముఠాదారీ పద్ధతి 1969 రెగ్యులేషన్‌తో రద్దయింది కానీ ఆ ఇంటికి ఊళ్లో ఆ పేరు ఇంకా ఉంది. ఫితూరీ రోజుల్లో ముఠాదారులు అందరూ ఒక్కలా లేరు. కొందరు దళంతో నడిచారు. కొందరు సర్కారుకు కబురు అందించారు. చాలామంది రెండు వైపుల నుంచీ భయపడ్డారు. ఆ ఇంటి ముసలి అవ్వ చెప్పిన కథ ఏమిటంటే, ఒక వానాకాలం రాత్రి ఆ ఇంట్లో దళం వాళ్లకు అంబలి పోశారు. రెండు రాత్రులు తిరక్కుండా అదే పొయ్యి మీద పోలీసులకు కోడి వండారు. వండింది ఒకే చెయ్యి. ఆ రెండు రాత్రుల మధ్య ఆ ఇంటి పెద్దాయన ఎవరికి ఏం చెప్పాడో అవ్వకు తెలియదు. చెప్పాడని ఊళ్లో సగం మంది అంటారు.

ఇది రాయాలా, వద్దా? మా కోడలి ఇంట్లో పది రోజులు ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. "వందేళ్ల కిందటి మాట తవ్వి మన ఇంటిపేరు బజార్లో పెడతావా? పిల్లకు సంబంధం చూడాలి" అని ఆమె భర్త అన్నాడు. ఆయన కోపంలో న్యాయముంది. చరిత్రకారులకు ఆ మనుషులు కాగితం మీది పేర్లు. మనకు వాళ్ల మనవలు పక్కింట్లోనే ఉంటారు. పండగకు కలుస్తారు. వాళ్ల పిల్లలు మా హాస్టల్లోనే చదువుతారు.

మేము నలుగురం కూర్చుని ఆలోచించాం. రాయకుండా వదిలేస్తే మన చరిత్రలో అందరూ వీరులే మిగులుతారు. భయపడినవాళ్లు, ఇటూ అటూ నలిగినవాళ్లు కనపడకుండా పోతారు. కానీ ఆ రోజుల్లో ఎక్కువమంది వాళ్లే. ఇంటిపేరు పెట్టి రాస్తే, జవాబు చెప్పుకోలేని చచ్చిపోయిన మనిషి మీద నేరం మోపినట్టు అవుతుంది. దానికి మా దగ్గర కాగితమూ లేదు. ఊరి సగం మంది మాట ఉంది, అంతే. అది రెండో గడి. రెండో గడిలోదాన్ని మొదటి గడిలో వెయ్యకూడదు.

చివరికి ఆ అధ్యాయం రాసి, అచ్చు సంగతి తర్వాత చూద్దామని, ముందు అత్తగారికి చదివి వినిపించాం. ఊరు మార్చాం, ఇంటిపేరు లేదు. పెద్దాయన చెప్పాడా లేదా అన్నది నవలలో కూడా తేలదు. వంట చేసే కోడలికి ఎంత తెలుసో చదివేవాళ్లకూ అంతే తెలుస్తుంది. అత్తగారు మొత్తం విన్నది. వీరుడని రాయమనలేదు, ద్రోహి కాడని రాయమనలేదు. "ఆ ఇంట్లో ఏడుగురు పిల్లలున్నారని రాయండి. అది రాయకపోతే ఆయన ఎందుకు భయపడ్డాడో ఎవరికి తెలుస్తుంది?" అంది. రాశాం. ఆమె కొడుకు ఒక్క మార్పు అడిగాడు. గెడ్డ వైపు తిరిగిన అరుగు చదివితే ఊళ్లో వాళ్లు ఏ ఇల్లో పోల్చేస్తారని. అరుగును తూర్పుకు తిప్పాం. ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకున్నాడని చెప్పలేం. పుస్తకం అచ్చుకు వెళ్లేముందు మళ్లీ ఒకసారి ఆయనకు చదివి వినిపించాలి. అది బాకీ ఉంది.

ఇల్లు, రచన రెండూ నడపడమంటే మాకు టైము పంచుకోవడం ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది. ఇంట్లో వాళ్ల ముఖం చూస్తూ నిజం రాయడం నేర్చుకోవడం కూడా. దూరంగా కూర్చుని రాసేవాళ్లకు ఈ కష్టం లేదు. వాళ్లకు ఆ ఏడుగురు పిల్లల సంగతి కూడా తెలియదు.

మీరు చేయగలిగింది

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, మీలో డిగ్రీ చదివేవాళ్లున్నారు, డీఎస్సీకి చదివేవాళ్లున్నారు, సచివాలయాల్లో పనిచేసేవాళ్లున్నారు. అందరూ నవలలు రాయాలని మేము అనడం లేదు. వచ్చే సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చెయ్యండి.

ఇంట్లో అందరికన్నా పెద్దామె పక్కన కూర్చోండి. ఊరికే కాదు, ఆమె చేస్తున్న పనిలో చెయ్యి కలిపి కూర్చోండి. చేతులు పనిలో ఉంటే నోరు కదులుతుంది. మూడు అడగండి. ఈ ఇంటికి నువ్వు కోడలిగా వచ్చినప్పుడు ఎవరు ముసలివాళ్లు? వాళ్లు ఏ భయం గురించి చెప్పేవాళ్లు? ఆకలి నెలల్లో ఏం తిన్నారు? కువిలో చెబితే కువిలో, కోయలో చెబితే కోయలో, ఆదివాసీ ఒడియాలో చెబితే అలాగే, తెలుగు లిపిలో రాసుకోండి. రికార్డు చేసేముందు అడిగి చెయ్యండి. ఆమె వద్దన్న మాట బయటకు తేవద్దు. ఒక పేజీ అయినా చాలు. కింద తేదీ, ఆమె వయసు, మీ పేరు వెయ్యండి.

పేజీ రాశాక మూడు గడులు గియ్యండి. ఆమె చెప్పింది రెండో గడిలో ఉంది. మొదటి గడి కోసం గెజిటీరు తెరవండి. మూడో గడి ప్రస్తుతానికి ఖాళీగా ఉంచండి. అది నింపే రోజు వస్తే మీ 20 నిమిషాలు ఎక్కడున్నాయో మీరే వెతుక్కుంటారు.

ఆ పేజీలు తెస్తే మా నలుగురిలో ఎవరికైనా ఇవ్వండి. హాస్టల్ ఆఫీసులో స్టాక్ రిజిస్టరు పక్కన ఒక కొత్త ఫైలు పెట్టాం. దాని మీద ఇంకా ఏ పేరూ రాయలేదు. ముందు పేజీలు రానివ్వండి.